జెండా తాడు ఎవరి చేతిలో ఉంది?

ఆగస్టు 15, పొద్దున ఎనిమిదిన్నర. పిల్లలు వరసల్లో నిలబడి ఉంటారు. ముఖ్య అతిథి చెప్పులు విడిచి దిమ్మె ఎక్కి తాడు లాగుతారు. మూట విచ్చుకోదు. ఇంకాస్త గట్టిగా లాగుతారు. కర్ర ఊగుతుంది గానీ మూట మాత్రం బిగుసుకుపోతుంది. డ్రిల్లు మాస్టారు పరుగున వచ్చి రెండో తాడు అందిస్తారు. జనగణమన అందుకోవాల్సిన అమ్మాయి నోరు సగం తెరిచి పైకే చూస్తూ ఉండిపోతుంది. తెలుగునాట ఏటా ఏదో ఒక బడిలోనో, ఏదో ఒక ఆఫీసు ఆవరణలోనో ఈ దృశ్యం తప్పదు.

దేశాభిమానం అనగానే సరిహద్దులూ, క్రికెట్టూ, రాకెట్లూ గుర్తొస్తాయి. అవన్నీ ఎక్కడో జరుగుతాయి, చూసి చప్పట్లు కొడతాం. "ఇది మాది, ఇందులో నేనూ ఒకణ్ణి" అన్న భావం మాత్రం చేయి పెట్టిన చోట గట్టిపడుతుంది. మన ఊళ్లలో అందుకు ఏటా రెండుసార్లు దొరికే అవకాశం జెండా వందనం. గుడ్డ, తాడు, ముడి, పాట, ప్రతిజ్ఞ, చివర్లో చాక్లెట్టు. వీటిలో ఏది ఎక్కడ చెడుతుందో గమనిస్తే, ఒక సమూహం ఎలా కుదురుకుంటుందో, ఎక్కడ బీటలు వారుతుందో కూడా తెలిసిపోతుంది.

ముందు ఆ ముడి సంగతి. కర్ర కొసన కప్పీ ఉంటుంది. దాని మీదుగా వెళ్లే తాడు ఒక కొసను జెండా కాషాయం వైపు మూలకు, రెండో కొసను ఆకుపచ్చ వైపు మూలకు కడతారు. మూట పైకి చేరాక కాషాయం వైపు తాడు కప్పీ దాటి కిందికి వస్తుంది, ఆకుపచ్చ వైపు తాడు మూట నుంచి నేరుగా వేలాడుతుంది. ఈ రెండో తాడునే మూట చుట్టూ తిప్పి జారుముడి వేస్తారు కాబట్టి, విప్పడానికి లాగాల్సింది కూడా దాన్నే. మొదటి తాడు లాగితే మూట వెళ్లి కప్పీకి ఒరుసుకుని ఇంకా బిగుస్తుంది. అతిథి చేతికి తప్పు తాడు ఇవ్వడమే సగం చోట్ల జరిగే పొరపాటు. కాషాయం వైపు తాడును కర్రకున్న కొక్కేనికి ముందే కట్టేసి, రెండోదాన్ని మాత్రమే వదులుగా ఉంచితే ఆ గందరగోళమే ఉండదు.

మూట కట్టడంలోనూ ఒక లెక్కుంది. జెండాను శుభ్రమైన బల్ల మీద పరిచి పొడవు తగ్గకుండా వెడల్పును సగానికి, మళ్లీ సగానికి మడవాలి. పూలరేకులు అందులో వేసి, గాలికి ఎగిరే కొస నుంచి తాడు ఉండే అంచు వైపుకు చుట్టుకుంటూ రావాలి. తాడును మూట చుట్టూ ఒకటి, మహా అయితే రెండు చుట్లు తిప్పాలి. మూడో చుట్టు పడిందంటే పైన అది విడదు. ఆ తర్వాత తాడు కొసను కాకుండా, మధ్యలో మడిచిన మడతను మాత్రమే చుట్టు కిందికి దూర్చాలి. చుట్టుకీ గుడ్డకీ మధ్య వేలు దూరేంత వదులు ఉండాలి. ఆగస్టు నెల కాబట్టి వాన సంగతీ చూసుకోవాలి: నూలు తాడు తడిస్తే ఉబ్బి ముడి పట్టేస్తుంది, కొత్త నైలాన్ తాడు జారిపోయి మూట సగం దూరం ఎక్కకముందే విచ్చుకుంటుంది. రేకులు మూడడుగుల జెండాకు ఒక గుప్పెడు చాలు. తట్టెడు పోస్తే బరువుకు మూట కిందికి జారుతుంది. తడి బంతి రేకులు రాత్రంతా లోపల ఉంటే తెల్లపట్టీ మీద పసుపు మరక పడుతుంది, అది ఉతికినా పూర్తిగా పోదు. జెండాలో ఏదీ మూటగట్టకూడదని జెండా నియమావళి చెబుతూనే, జాతీయ పండుగలకు పూలరేకులను మాత్రం మినహాయించింది.

అన్నిటికన్నా ఎక్కువగా పరువు తీసేది కాషాయం కిందికి రావడం. మడిచాక రెండు మూలలూ ఒకేలా కనిపిస్తాయి. జెండా మీద ఏ రాతా గుర్తూ ఉండకూడదు కాబట్టి గుర్తు పెట్టాల్సింది తాడుకే. కాషాయం కట్టే కొసకు ఒక రంగు దారం చుడితే సరిపోతుంది. ముందురోజు సాయంత్రం అదే కర్ర మీద, అదే తాడుతో, ఒక తువ్వాలు కట్టి రెండుసార్లు లాగి చూడాలి. ఈ పది నిమిషాల పని ఎవరికీ అప్పగించకపోవడం వల్లే మర్నాడు అందరి ముందూ నగుబాటు.

ఎర్రకోట మీద ఆగస్టు 15న జెండాను కింది నుంచి పైకి ఎగురవేస్తారు. జనవరి 26న రాష్ట్రపతి పైనే కట్టి ఉన్న జెండాను విప్పుతారు. 1947లో కొత్త జెండా పైకెక్కిందనీ, 1950 నాటికి అది పైనే ఉందనీ ఇందుకు చెప్పే అర్థం. మన బడుల్లో రెండు రోజులూ మూట విప్పడమే ఆనవాయితీ. పూలు రాలితే గాని పిల్లలు ఒప్పుకోరు మరి.

ఇక గుడ్డ. స్వతంత్ర భారతం వస్తువులకు ప్రమాణాలు రాయడం మొదలుపెట్టినప్పుడు ఒకటో నంబరు ఇచ్చింది జెండాకే. 1951లో వచ్చిన ఐఎస్ 1 అది. పొడవు, వెడల్పు 3:2 నిష్పత్తిలో ఉండాలి. ఆమోదించిన కొలతలు తొమ్మిది. అన్నిటికన్నా పెద్దది 6300 × 4200 మిల్లీమీటర్లు, చిన్నది 150 × 100. ఇళ్ల మీద ఎక్కువగా కనిపించే 900 × 600 జెండాలో ఒక్కో పట్టీ 200 మిల్లీమీటర్లు, చక్రం అడ్డకొలత 185. అంటే చక్రం తెల్లపట్టీని దాదాపు నింపేయాలి గానీ అంచులను తాకకూడదు. చక్రానికి ఆకులు 24, రంగు ముదురు నీలం, రెండు వైపులా కనిపించాలి. బజారులో కొన్న జెండాను స్కేలుతో కొలిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది: పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు లేకపోయినా, చక్రం పక్కకు జరిగినా, ఒకవైపే అచ్చయినా అది లెక్కకు నిలవని జెండా. 2022లో ఇంటింటా జెండా పిలుపు వచ్చినప్పుడు పోస్టాఫీసుల్లో 25 రూపాయలకు అమ్మారు. హడావుడిగా కోట్లల్లో కుట్టించడంతో ఆ ఏడాది కొలత తప్పినవి, చక్రం పక్కకు పోయినవి కూడా జనం చేతుల్లోకి వచ్చాయని దేశమంతటా ఫిర్యాదులు వినిపించాయి.

చాలాకాలం ప్రమాణ ముద్రతో జెండా కుట్టిన చోటు ఒక్కటే, కర్ణాటకలోని హుబ్బళ్లి శివారు బెంగేరి ఖాదీ సంఘం. 2021 డిసెంబరు 30న నియమావళిని సవరించి పాలిస్టరునీ, మరనేత గుడ్డనూ అనుమతించారు. పనితనం దృష్టితో చూస్తే రెండింటికీ లాభనష్టాలున్నాయి. ఖాదీ వాన తాగి బరువెక్కుతుంది, చిరుగాలికి కదలదు. పాలిస్టరు చిరుగాలికే రెపరెపలాడుతుంది గానీ ఆ రెపరెపే దాని కొసను పీచులు చేస్తుంది. ఏ జెండా అయినా ముందు చిరిగేది కర్రకు దూరంగా ఉన్న అంచే. అక్కడ రెండు మూడు వరసల కుట్టు వేయించాలి. చిరిగిన మేర కత్తిరించి మళ్లీ కట్టేవాళ్లున్నారు, అప్పుడు 3:2 పోతుంది. పాలిస్టరు చవక. కానీ వడికిన చేతులూ, నేసిన చేతులూ ఆ గుడ్డలో ఉన్నాయన్న మాట దాంతోపాటే పోయింది. ఖాదీ సంఘాల వాళ్లు బాధపడింది తిండి గురించే కాదు, ఈ మాట గురించి కూడా.

మరీ పెద్ద జెండాలది వేరే కథ. హైదరాబాదు సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న 291 అడుగుల స్తంభం మీద 108 × 72 అడుగుల జెండా ఎగిరింది. మూడడుగుల ఇంటి జెండాతో పోలిస్తే వైశాల్యంలో దాదాపు 1300 రెట్లు. అంత గుడ్డ మీద హుస్సేన్ సాగర్ గాలి తోస్తే కుట్లు ఎన్నాళ్లు ఆగుతాయి? పెట్టిన కొద్ది రోజులకే చిరిగి మార్చాల్సి వచ్చింది. ఇలాంటి జెండాను ఊళ్లో ఎవరూ మడవలేరు, ఎవరూ కట్టలేరు, మోటారు ఎక్కిస్తుంది. దూరం నుంచి చూసి ఫొటో తీసుకోవడానికి బాగుంటుంది. చేతికి అందే జెండా చేసే పని మాత్రం అది చేయలేదు.

ఆ మాటకొస్తే జెండా పుట్టుక కూడా చేతులు మారుతూ, వాదనల మధ్యనే సాగింది. మచిలీపట్నం దగ్గరి భట్లపెనుమర్రుకు చెందిన పింగళి వెంకయ్య 1916లోనే ముప్పై జెండా నమూనాలతో ఒక చిన్న పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు గాంధీకి ఎరుపు, ఆకుపచ్చ పట్టీల నమూనా చూపించారు. దాని మీద రాట్నం ఉంచాలన్నది జలంధరుకు చెందిన లాలా హన్స్‌రాజ్ సూచన. మిగిలిన మతాలవారి కోసం తెలుపు చేర్చమన్నది గాంధీ. కాంగ్రెస్ అప్పుడు దాన్ని లాంఛనంగా ఆమోదించకపోయినా జనం వాడుకలోకి వచ్చేసింది. పదేళ్లు తిరిగేసరికి రంగులను మతాలతో ముడిపెట్టడమే తలనొప్పి అయింది. సిక్కులు మా రంగేదని అడిగారు. 1931లో ఏడుగురితో సంఘం వేస్తే, దాని బాధ్యత మోసింది మన పట్టాభి సీతారామయ్యే. ఆ సంఘం జెండా అంతా కేసరి రంగులోనే ఉండాలంది. కాంగ్రెస్ ఆ సలహాను పక్కన పెట్టి ఎరుపు బదులు కాషాయం పెట్టి, తెలుపు, ఆకుపచ్చలను ఉంచి, ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని తీర్మానించింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోక చక్రం పెట్టింది. ఇరవయ్యారేళ్లలో మూడుసార్లు గుడ్డ మారింది. మారడానికి ముఖ్యమైన కారణం "ఇందులో మేము లేము" అని ఎవరో గొంతెత్తడం, దాన్ని వినడం.

పాటకు వస్తే, జనగణమనకు నిర్ణీత సమయం 52 సెకన్లు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసినప్పుడు ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. అక్కడే కళాశాల ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరం రాసిపెట్టారు. బడుల్లో ఈ పాట నిమిషం దాటి సాగడానికి కారణం ప్రతి పాదం చివరా సాగదీయడం. ఇంకో తప్పు శ్రుతి. మొదటి పాదం పై శ్రుతిలో ఎత్తుకుంటే చివరి "జయహే, జయహే" దగ్గర పిల్లల గొంతులు కీచుమంటాయి. మైకు ముందు నిలబడే ఇద్దరు ముగ్గురు ముందురోజే ఆ "జయహే"లు పాడి చూసుకుని, అవి తేలిగ్గా పలికే శ్రుతి నుంచి వెనక్కి వచ్చి మొదలుపెట్టాలి. "ఉచ్ఛల జలధి తరంగ" దగ్గర తడబడేవాళ్లు ఎక్కువ. ఒడ్డుకు ఎగసే సముద్రపు అలలని అర్థం చెబితే తడబాటు సగం తగ్గుతుంది.

ప్రతిజ్ఞ సంగతి తెలుగువాళ్లకే సరిగా తెలియదు. "భారతదేశం నా మాతృభూమి" తెలుగులో పుట్టిన మాట. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. తెన్నేటి విశ్వనాథం చొరవతో అది అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు దగ్గరికి వెళ్లింది. 1963లో విశాఖలోనే ఒక బడిలో తొలిసారి చదివించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా వాడుకలోకి వచ్చి ఇతర భాషల్లోకీ వెళ్లింది. పాఠ్యపుస్తకాల మొదటి పేజీలో ఏళ్ల తరబడి అచ్చయినా రాసినాయన పేరు మాత్రం చాలాకాలం పడలేదు. అందులో వరసగా వచ్చే రెండు వాక్యాలను పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు గబగబా దాటేస్తారు. దేశపు వారసత్వ సంపద నాకు గర్వకారణం అన్న వెంటనే, "దీనికి అర్హత పొందడానికి సర్వదా నేను కృషి చేస్తాను" అని ఉంది. గర్వాన్ని పుట్టుకతో వచ్చిన ఆస్తిగా కాకుండా, ఇంకా సంపాదించుకోవాల్సినదిగా రాశాడు ఆ ట్రెజరీ అధికారి. ఖజానా లెక్కలు చూసినవాడికి ఎంత జమ అయిందో, ఎంత బాకీ ఉందో తెలియకుండా ఉంటుందా!

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. అర్హత కోసం పడే కృషిని ఆజ్ఞతో రప్పించవచ్చా? 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపేశారు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ఆ పిల్లలు జాతీయ గీతం వేళ మర్యాదగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసినవారు తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. లేచి నిలబడటంలోనే గౌరవం ఉంది, పాడకపోవడం అవమానం కాదన్నది దాని సారం. 2016 నవంబరులో ఇదే కోర్టు సినిమా హాళ్లలో గీతం తప్పనిసరి చేసింది. హాల్లో ఎవరు లేచారు, ఎవరు లేవలేదన్న కాపలా మొదలై, గొడవలు ముదిరి, 2018 జనవరిలో దాన్ని ఐచ్ఛికం చేయాల్సి వచ్చింది. పక్కవాడి మోకాళ్ల మీద నిఘా పెట్టే చోట "మనం" అన్న మాట నిలవదు. అక్కడ ఉండేది చూసేవాడూ, దొరికేవాడూ.

తెలంగాణలోని జమ్మికుంట అనుభవం ఇందుకు భిన్నంగా చూడదగింది. 2017 ఆగస్టు 15 నుంచి ఆ ఊళ్లో రోజూ ఉదయం ఎనిమిది కొట్టకముందే కూడళ్లలో మైకులు పెట్టి జనగణమన వినిపించడం మొదలైంది. మొదలుపెట్టింది స్థానిక పోలీసులే. కూరగాయలు తూచేవాళ్లు తక్కెడ దించి, బండి మీద వెళ్లేవాళ్లు కాలు కింద పెట్టి నిలబడే దృశ్యం దేశమంతా వార్త అయింది. తర్వాత నల్గొండలోనూ ఇలాంటి ఏర్పాటు వచ్చింది. మెచ్చుకున్నవాళ్లున్నారు, రోజూ వింటే విలువ తగ్గదా అన్నవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. అయితే సినిమా హాలుకూ దీనికీ ఒక తేడా ఉంది. తెల్లారి అంగడి వీధిలో నిలబడేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లు, ఆ 52 సెకన్లూ అయ్యాక మళ్లీ ఒకరితో ఒకరు బేరమాడాల్సినవాళ్లు. నిలబడనివాడు ఎందుకు నిలబడలేదో కూడా వాళ్లకు తెలిసే ఉంటుంది: మోకాలి నొప్పి, లేదా బస్సు వెళ్లిపోతోంది. ఈ పరిచయం ఉన్నంతకాలమే ఆ ఏర్పాటుకు ప్రాణం. పోలీసు ఈల అందులోకి వచ్చిన రోజున అది కూడా సినిమా హాలే అవుతుంది.

తెలంగాణలో సెప్టెంబరు 17 ఇంకో పాఠం చెబుతుంది. 1947 ఆగస్టు 15న ఆంధ్ర ప్రాంతంలో జెండాలు ఎగిరితే, నిజాం సంస్థానంలో అదే జెండా ఎత్తినందుకు అరెస్టులు జరిగాయి. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ జైలుకు వెళ్లింది ఆ రోజునే. 1948 సెప్టెంబరు 17న సంస్థానం లొంగిపోయింది. ఆ తేదీని విమోచనం అనేవారున్నారు, విలీనం అనేవారున్నారు, రైతాంగ పోరాటాన్ని తలచుకుని విద్రోహం అనేవారున్నారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది, కేంద్రం విమోచన దినం అంటోంది. ఒకే ఊళ్లో ఒకే పొద్దున రెండు మూడు మైదానాల్లో జెండా ఎగురుతుంది, పేర్లు మాత్రం వేరు. ఇదంతా రాజకీయమే అని విసుక్కోవడం తేలిక. కానీ అన్ని మైదానాల్లోనూ పైకెక్కేది ఒకే జెండా అన్నది గమనించాలి. ఏం జరిగిందన్న దాని మీద తగువుంది గానీ ఎవరి జెండా అన్నదాని మీద లేదు. గోదావరి పాయ పక్కనున్న యానాంలో ఫ్రెంచి జెండా దిగి మువ్వన్నెల జెండా ఎక్కింది 1954 జూన్‌లో. ఒకే భాష మాట్లాడేవాళ్లకు మూడు వేర్వేరు తేదీలు. దేశానికి ఒకే పుట్టినరోజు ఉండాలని పట్టుపట్టేవాళ్లు ఈ మూడు చోట్ల పెద్దలతో ఓసారి మాట్లాడాలి.

ఇక తాడు ఎవరి చేతిలో పెట్టాలి? 2002 జనవరి 26 దాకా మామూలు పౌరుడు తన ఇంటి మీద ఏడాది పొడవునా జెండా ఎగరేయడానికి వీలుండేది కాదు. ఒక పారిశ్రామికవేత్త తన కర్మాగారంలో జెండా కట్టుకునే హక్కు కోసం కోర్టుకెక్కితే, 2004 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని భావప్రకటన స్వేచ్ఛలో భాగంగా గుర్తించింది. 2022 జులై నుంచి రాత్రిపూట కూడా ఉంచవచ్చు. చట్టం అలా తలుపు తెరిచింది. ఊళ్లో గడప మాత్రం వేరు. 2020 ఆగస్టు 15న తమిళనాడు తిరువళ్లూరు జిల్లా ఆత్తుపాక్కంలో పంచాయతీ అధ్యక్షురాలు దళిత మహిళ కావడంతో ఆమెను జెండా ఎగురవేయనివ్వలేదన్న ఫిర్యాదు వచ్చింది. కొన్ని రోజులకు కలెక్టరు, ఎస్పీ వెళ్లి ఆమె చేతే జెండా ఎగురవేయించారు. ఎన్నికలు సీటు ఇచ్చాయి, తాడు అందడానికి కలెక్టరు రావాల్సి వచ్చింది. భారతీయులందరూ నా సహోదరులు అని వందసార్లు చదివించినా, ఆ తాడు ఎవరి చేతికి వెళ్తోందో పిల్లలు చూస్తూనే ఉంటారు. చదివినదానికన్నా చూసిందే వాళ్లకు గుర్తుంటుంది.

బడి స్థాయిలో దీన్ని సరిచేయడానికి ఖర్చేమీ లేదు. ముఖ్య అతిథిని పిలవడం మానక్కర్లేదు. జెండా మడవడం ఒక తరగతికి, తాడు సరిచూడటం ఇంకో తరగతికి, దిమ్మె అలకడం, ముగ్గు వేయడం, పాట ఎత్తుకోవడం వేరే తరగతులకు అప్పగించి, ఏటా మార్చాలి. ఆడపిల్లలకు ముగ్గు, మగపిల్లలకు తాడు అన్న పంపకం ఎక్కడైనా కనిపిస్తే ముందు దాన్నే తిప్పాలి. సాయంత్రం దించడం అందరూ మరిచిపోయే పని. పొద్దున రెండు వందల మంది ఉంటారు, సాయంత్రం ఆయా ఒక్కతే మిగులుతుంది, ఆమే చడీచప్పుడు లేకుండా దించి బీరువాలో పెడుతుంది. ఎక్కించేటప్పుడు చకచకా, దించేటప్పుడు నెమ్మదిగా, మర్యాదగా అని నియమావళి చెబుతుంది. ఆ నెమ్మదిని చూడటానికి కనీసం పదిమంది పిల్లలైనా ఉండాలి. వీలైతే పొద్దున తాడు కూడా ఆ ఆయా చేతికే ఇవ్వాలి. ఆమె చేతిలో ముడి ఎప్పుడూ చిక్కుపడదు, ఏటా దించేది ఆమే కదా.

దించాక తడి ఉంటే నీడన ఆరబెట్టాలి. కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెల్లపట్టీ కిందికి మడిచి, ఆ తర్వాత రెండు పక్కల నుంచీ చక్రం పైకి కనిపించేలా మడిచి పెట్టాలి. రేకులన్నీ దులిపారో లేదో చూసుకోవాలి, ఒక్కటి మిగిలినా జనవరికి మరక కనిపిస్తుంది. చిరిగిన జెండాను చెత్తబుట్టలో వేయకూడదు, తుడుపుగుడ్డ చేయకూడదు. పదిమందిలో కాకుండా, పక్కగా, మొత్తంగా దహనం చేయడం నియమావళి చెప్పిన పద్ధతి. ఆగస్టు 16న రోడ్ల మీద పడి ఉన్న కాగితపు జెండాలకూ ఇదే వర్తిస్తుంది. చేతిజెండాలు పంచిన పిల్లలకే మర్నాడు బడి దారిలో దొరికినవన్నీ ఏరుకుని రమ్మని చెప్పాలి. అవి ఎన్నో లెక్కపెట్టి బోర్డు మీద రాస్తే, వచ్చే ఏడాది ఎన్ని కొనాలో హెచ్చెమ్ముకు తెలుస్తుంది.